తాతగారి తుపాకీ వయసెంత? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు ఇళ్లల్లో ఉన్న పాత 12 బోర్ తుపాకుల గురించే. ఒకే ప్రశ్న రెండు ఊళ్ల నుంచి వస్తే కలిపి జవాబిచ్చాం. ఇక్కడ చెప్పినవన్నీ లైసెన్సు ఉన్న తుపాకీకి, అదీ తూటాలు తీసేసి వేరే గదిలో పెట్టాకే.

ప్రశ్న (రామచంద్రాపురం): తాతగారి నుంచి నాన్నగారికి, ఆయన నుంచి నాకు లైసెన్సు మారిన డబుల్ బ్యారెల్ తుపాకీ ఇది. హ్యామర్లు రెండూ బయటికే ఉంటాయి. గొట్టాల మధ్య పట్టీ మీద ‘పి. ఆర్ అండ్ సన్స్, మద్రాస్’ అని చెక్కి ఉంది. లైసెన్సులో మేక్ దగ్గరా అదే రాశారు. పెదనాన్నగారు 1880 నాటిదంటారు, బాబాయిగారు 1920 దాటాకే కొన్నారంటారు. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: పట్టీ మీది పేరును కాసేపు మర్చిపోండి. పి. ఆర్ అండ్ సన్స్ మద్రాసు మౌంట్ రోడ్డులో వాచీలు, నగలు అమ్మిన దుకాణం. ఇలాంటి పెద్ద దుకాణాలు తుపాకులను ఎక్కువగా బర్మింగ్‌హామ్ నుంచి తెప్పించి, పట్టీ మీద తమ పేరు చెక్కించి అమ్మేవి. గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. కలకత్తా నుంచి వచ్చిన వాటి మీద మాంటన్, రోడ్డా, లయన్ అండ్ లయన్ పేర్లుంటాయి. (1914 ఆగస్టులో బెంగాల్ విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లు ఎత్తుకుపోయింది ఈ రోడ్డా కంపెనీ సరుకులోంచే.) ఆ పేరును బట్టి తుపాకీ ఎక్కడ అమ్ముడైందో తెలుస్తుంది, అంతే. ఎక్కడ, ఎప్పుడు తయారైందో తెలియాలంటే గొట్టాల అడుగున చూడాలి.

ముందు టాప్ లివర్‌ని (గొట్టాల వెనక పైన ఉండే మీట) పక్కకి నొక్కి తుపాకీ తెరవండి. రెండు ఛాంబర్లూ (తూటాలు కూర్చునే భాగాలు) ఖాళీయేనా అని కంటితో చూడటమే కాదు, చిటికెన వేలు పెట్టి కూడా చూడండి. మళ్లీ మూసేయండి. ఇప్పుడు గొట్టాల కింద ఉండే ముందు చెక్క తీయాలి. దాని కొసన బొడిపె ఉంటే నొక్కాలి, మధ్యలో చిన్న లివర్ ఉంటే లాగాలి, బాగా పాతవాటిలో అడ్డంగా ఇనప చీల ఉంటే పక్కకి తోయాలి. చెక్క ఊడొచ్చాక లివర్ మళ్లీ తెరిస్తే గొట్టాలు కొక్కెం మీంచి లేచి చేతికొస్తాయి. ఏ స్క్రూ జోలికీ పోనక్కర్లేదు. మీది హ్యామర్ తుపాకీ కనక ఫరవాలేదు గాని, హ్యామర్లు లోపలుండే రకమైతే విడదీసి ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కకూడదు. నొక్కితే లోపలి లివర్లు ముందుకు పొడుచుకొచ్చి, గొట్టాలు తిరిగి కూర్చోవు.

గొట్టాలు బోర్లించండి. ఛాంబర్ల కింద రెండు చదును పలకల్లాంటి భాగాలుంటాయి. ముద్రలన్నీ అక్కడే. చదవడానికి రుద్దొద్దు, గీకొద్దు. మెత్తటి గుడ్డతో నూనె తుడిచి, సుద్దపొడి వేలితో అద్ది, టార్చిలైటు పక్కనుంచి పడేలా పట్టుకుని సెల్‌ఫోన్‌తో ఫొటో తీయండి. ఎదురుగా పడ్డ వెలుతురులో కనిపించని ముద్రలు కూడా పక్క వెలుతురులో లేచి కనిపిస్తాయి.

ఇప్పుడు చదవడం. కిరీటం కింద రెండు రాజదండాలు అడ్డంగా పెనవేసుకుని, వాటి సందుల్లో ‘బి.పి.సి.’ అనో ‘వి’ అనో ఉంటే అది బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (తుపాకీ గొట్టాలు పరీక్షించే సంస్థ) ముద్ర. 1813 నుంచి 1904 వరకు వాడారు. 1904లో దాన్ని మార్చి, కిరీటం కింద ‘బి.పి.’, ‘బి.వి.’, ‘ఎన్.పి.’ అన్న అక్షరాలు పెట్టారు. లండన్‌లో పరీక్షించిన వాటి మీద కిరీటం కింద పెనవేసుకున్న ‘జి.పి.’ ఉంటుంది. కత్తి ఎత్తిన చెయ్యి, దాని కింద ‘ఎన్.పి.’ ఉంటే అది లండన్ వాళ్ల పొగలేని మందు పరీక్ష, 1904 తర్వాతిది.

తర్వాత చిన్నచిన్న గుర్తులు. ‘నాట్ ఫర్ బాల్’ అని ఉంటే 1875–1887 మధ్యది. మూతి దగ్గర సన్నగిల్లే చోక్ గొట్టంలో గుండు పెట్టి కాల్చొద్దన్న హెచ్చరిక అది. 1887లో దాని బదులు ‘చోక్’ అని వేయడం మొదలెట్టారు. వజ్రం ఆకారంలో గీసిన గడిలో 12, దాని కింద ‘సి’ ఉంటే 1887 తర్వాతిదే. ‘నైట్రో ప్రూఫ్’ (పొగలేని మందుతో పరీక్షించింది) అని పూర్తిగా అక్షరాల్లో ఉంటే 1896 తర్వాతిది. ఛాంబర్ పొడవు 2½ అంగుళాలు అని వేయడం 1925లో వచ్చింది. చదరపు అంగుళానికి ఇన్ని టన్నులు అని ఉంటే 1954 తర్వాతిది.

వీటిని విడివిడిగా చూస్తే ఉపయోగం లేదు, కలిపి చూడాలి. రాజదండాలున్నాయి, వజ్రం గడి ఉంది, నైట్రో మాట లేదు: 1887కీ 1904కీ మధ్యది. రాజదండాలతో పాటు నైట్రో ప్రూఫ్ కూడా ఉంది: 1896–1904. బి.పి., బి.వి. ఉండి ఛాంబర్ పొడవు లేదు: 1904–1925. పొడవుంది, టన్నులు లేవు: 1925–1954. పాత రాజదండాలూ కొత్త కిరీటం అక్షరాలూ రెండూ ఉంటే, పాత తుపాకీని తర్వాత మళ్లీ పరీక్షకు పంపారన్నమాట. అప్పుడు వయసు పాత ముద్రను బట్టే. బర్మింగ్‌హామ్ వాళ్లు 1921లో ‘ఎ’ తో మొదలెట్టి ఏడాదికో అక్షరం కూడా వేశారు, 1950లో మళ్లీ ‘ఎ’ నుంచి. అది దొరికితే ఏడాదితో సహా తేలిపోతుంది.

ఇంగ్లిష్ పేరున్నా ముద్రలు బెల్జియంవి కావచ్చు. కోడిగుడ్డు ఆకారపు గడిలో ‘ఈ.ఎల్.జి.’, కింద నక్షత్రం ఉంటే అది లియెజ్ ఊరి ప్రూఫ్ హౌస్. గడిపైన కిరీటం లేకపోతే 1893కి ముందు, ఉంటే తర్వాత. 1922 నుంచి వాళ్లూ ఏడాదికో చిన్న అక్షరం వేశారు. పేరున్న ఇంగ్లిష్ కంపెనీకి ఒకటి రెండు అక్షరాల తేడాతో పేరు చెక్కి వచ్చిన బెల్జియం సరుకుకు లెక్కలేదు. పాడు తుపాకులేమీ కావు, కాకపోతే ఇంగ్లిష్ ధర ఇవ్వాల్సినవి కావు.

పెదనాన్నగారి వాదనకు బలం హ్యామర్లే అయితే, ఆ ఒక్కటీ చాలదు. లోపలి హ్యామర్ల యాన్సన్ అండ్ డీలీ బాక్స్‌లాక్ 1875లోనే వచ్చినా, బయటి హ్యామర్ల తుపాకులు 20వ శతాబ్దంలోనూ తయారయ్యాయి. చవక, మరమ్మతు తేలిక. ఏ భాగమైనా ‘ఇంతకంటే పాతది కాదు’ అని మాత్రమే చెప్పగలదు. స్కాట్ టాప్ లివర్ 1865, స్టాంటన్ లాకు 1867, బొడిపె నొక్కితే ఊడే యాన్సన్ ముందు చెక్క 1872, లివర్ లాగే డీలీ రకం 1873. స్టాంటన్ లాకు తెలుసుకోవడానికి, ఖాళీ తుపాకీలో హ్యామర్‌ని బొటనవేలితో పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి మెల్లగా దింపండి. పూర్తిగా దిగాక వదిలేస్తే తనంతట తాను కొంచెం వెనక్కి లేచి నిలబడాలి. పిన్ను మీదే ఆనుకుని ఉండిపోతే అంతకు ముందు పద్ధతి.

లైసెన్సులో ‘మేక్’ మార్పించాలనుకుంటే ఈ ఫొటోలతో లైసెన్సింగ్ అధికారికి అర్జీ పెట్టండి. పుస్తకంలో మీరే దిద్దుకోవద్దు.

ప్రశ్న (పాలకొల్లు): లైసెన్సులో 12 బోర్ డి.బి.బి.ఎల్. (వెనక నుంచి తూటా పెట్టే డబుల్ బ్యారెల్) అని ఉంది. గొట్టం అడుగున వజ్రం గడిలో 12 ఉన్నా, పక్కనే 13/1 అని కూడా ఉంది. తనిఖీలో ఇది 13 బోర్ కదా అన్నారు. నంబరు మార్చిన తుపాకీయా?

జవాబు: కాదు, అచ్చమైన 12 బోరే. గడిలోని 12 ఛాంబర్‌కి, అంటే తూటా కూర్చునే భాగానికి. దానికి ముందుండే గొట్టం లోపలి వ్యాసానికి విడిగా ముద్ర వేసేవారు. 12 అంటే .729 అంగుళాలు, 13/1 అంటే .719, 13 అంటే .710, 12/1 అంటే .740. సన్నటి గొట్టం తయారీదారు ఎంపిక. 12 బోర్ ఛాంబర్‌కి 13/1 గొట్టం పెట్టడం ఆ రోజుల్లో మామూలే. 12 అన్న లెక్క కూడా, ఒక పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు పోస్తే అందులో ఒక గుండు వ్యాసమంత అన్నమాట.

ఈ ముద్ర మీకు మరో పని కూడా చేస్తుంది. వెర్నియర్ కాలిపర్ మూతి దగ్గరికి మాత్రమే అందుతుంది, అక్కడ చోక్ ఉంటుంది కనక ఆ కొలత పనికిరాదు. లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర బోర్ గేజ్ ఉంటే ఛాంబర్ వైపు నుంచి 9 అంగుళాల లోపలికి కొలిపించండి. 13/1 ముద్ర ఉన్న గొట్టం .730 దాటిందంటే, తుప్పు గుంటలు పోగొట్టడానికి ఎవరో లోపల అరగదీశారన్నమాట. గొట్టం గోడ ఆ మేరకు పలచబడింది. ఇంగ్లండ్‌లో అయితే అలాంటిది మళ్లీ పరీక్షకు పంపకుండా అమ్మడానికి వీల్లేదు.

ప్రశ్న (భీమవరం): గొట్టాల మీద పాము చర్మంలాంటి మెలికల డిజైను ఉంది. డమాస్కస్ అంటున్నారు. వరదలో తడిసి అక్కడక్కడా ఎర్ర తుప్పు పట్టింది. ఒకాయన బఫింగ్ చేసి నల్లరంగు వేయిస్తే కొత్తదిలా ఉంటుందంటున్నారు. ఇప్పటి తూటాలు కాల్చొచ్చా?

జవాబు: రెంటికీ సమాధానం వద్దనే. ఎందుకో చెబుతాం.

డమాస్కస్ గొట్టం అంటే ఇనుము, ఉక్కు కడ్డీలను జడ అల్లినట్టు మెలిపెట్టి, ఆ పట్టీలను ఒక ఇనప కడ్డీ చుట్టూ చుట్టి, ఎర్రగా కాల్చి, సమ్మెటతో అతికించినది. డిజైను పైన వేసింది కాదు, లోహంలోదే. అసలుదో కాదో చూడాలంటే ముందు చెక్క కింద, గొట్టాల అడుగున చూడండి. మెలికలు అక్కడికీ కొనసాగాలి. సాదా గొట్టం మీద అచ్చు కొట్టినవీ ఉన్నాయి. వాటిలో డిజైను పట్టీ అంచు దగ్గరే ఆగిపోతుంది, ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది. యాసిడ్ పోసి పరీక్ష చేయమని ఎవరైనా చెబితే వినకండి.

ఇక కాల్చడం. ఈ గొట్టాలు ఎక్కువగా నల్ల తుపాకీ మందు కోసం చేసినవి. నైట్రో ముద్ర ఉన్న డమాస్కస్ గొట్టాలూ లేకపోలేదు, కానీ ఆ పరీక్ష అప్పటి గొట్టానికి. ఈ వందేళ్లలో అతుకుల సందున చేరిన చెమ్మ లోపల ఏం చేసిందో పైకి తెలియదు. నల్లమందు కాలాక మిగిలే మసి గాల్లోని తేమను లాక్కుంటుంది. మన డెల్టా గాలిలో అది గుంటలుగా తినేస్తుంది. గుంట లోతు గొట్టం లోపలుంటే బయట ఎంత మెరిసినా ఒకటే.

దీనికి తోడు తూటా పొడవు. పాత ఛాంబర్లు 2½ అంగుళాలు, అంటే 65 మి.మీ. ఇప్పుడు ఎక్కువగా 70 మి.మీ. తూటాలు దొరుకుతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. 70 అన్నది కాల్చాక విచ్చుకున్న ఖాళీ డొప్ప పొడవు. కొత్త తూటా మూతి ముడుచుకుని ఉంటుంది కనక అంతకంటే పొట్టిగా ఉండి, 65 ఛాంబర్‌లో సుఖంగా కూర్చుంటుంది. తుపాకీ కూడా మామూలుగా మూసుకుంటుంది. పట్టింది కదా అని కాలిస్తే డొప్ప మూతి ఛాంబర్ దాటి, గొట్టం సన్నబడే చోట విచ్చుకుంటుంది. దారి ఇరుకైపోయి ఒత్తిడి పెరుగుతుంది. ఛాంబర్ పొడవు ఉజ్జాయింపుగా చూడటానికి, 20 మి.మీ. వెడల్పు గట్టి ప్లాస్టిక్ పట్టీ ఒకటి కత్తిరించి, ఛాంబర్‌లోకి నెమ్మదిగా జరపండి. ఆగిన చోట గుర్తు పెట్టి కొలవండి. 65కి దగ్గరగా వస్తే 70 తూటా ఆ తుపాకీకి పనికిరాదు, గొట్టం ఏ ఉక్కుదైనా సరే.

బఫింగ్ ఎందుకు వద్దంటే, ముద్రలూ సీరియల్ నంబరూ అక్కడే పోతాయి. తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తులు చెరపడం, మార్చడం ఆయుధాల చట్టం 1959లోని 8వ సెక్షన్ కింద నేరం. మెరుపు కోసమే చేశామంటే అవతలివాళ్లు నమ్మాలిగా. ఇక వేడి రసాయనంలో ముంచి వేసే నల్లరంగు డబుల్ బ్యారెల్‌కి అసలు పనికిరాదు. రెండు గొట్టాలనూ పట్టీలనూ కలిపింది సీసం, తగరం కలిసిన టంకం. ఆ క్షార ద్రావణం టంకాన్ని తినేసి పట్టీలు వదులైపోతాయి. పైగా డమాస్కస్ డిజైను నల్లరంగు కింద మునిగిపోతుంది.

తుప్పుకి ఇలా చేయండి. పలచటి చొచ్చుకుపోయే నూనె రాసి ఒక రోజు వదిలేయండి. తర్వాత పాత రాగి బిళ్ల అంచుతో తుప్పు మీద మాత్రమే సున్నితంగా గీకండి. రాగి ఉక్కుకంటే మెత్తన, గీత పడదు. ఎర్ర పొడి పోయి కింద గోధుమరంగు మచ్చ మిగిలితే అక్కడే ఆపేయండి. ఆ మచ్చ ఉంటే ఉండనివ్వండి. గరుకు కాగితం, ఇసక, చింతపండు ఇత్తడి బిందెలకి సరే, ఇక్కడ వద్దు.

ప్రశ్న (తణుకు): వెబ్లీ అండ్ స్కాట్ అని చెప్పి ఒకరు తుపాకీ అమ్ముతామంటున్నారు. చూడటానికి కొత్తదిలా మెరుస్తోంది. గొట్టాలు 27 అంగుళాలకు కొంచెం తక్కువ. వెనకాల రబ్బరు ప్యాడ్ ఉంది. ఎంతవరకు అసలుది?

జవాబు: మెరుపే మొదటి అనుమానం. వెబ్లీ అండ్ స్కాట్ పేరు కలిసింది 1897లో, వాళ్లు షాట్‌గన్లు చేయడం ఆపింది 1979లో. వయసు పై పద్ధతిలో తేల్చండి. ఇక్కడ చూడాల్సింది ఏది మార్చారు అన్నది.

గొట్టాల పొడవుతో మొదలెట్టండి. మూతి నుంచి ఛాంబర్ చివర దాకా కొలవాలి. ఆ కాలపు మామూలు పొడవులు 28, 30 అంగుళాలు, బాతుల వేటకి 32. చర్చిల్ కంపెనీ 25 అంగుళాల తుపాకుల్లాంటి పేరుపడ్డ మినహాయింపులున్నాయి. ఉన్నట్టుండి 26¾ వచ్చిందంటే కోసి ఉండొచ్చు. మూతి వైపు నుంచి చూడండి. అసలు గొట్టాలైతే రెండు మూతులూ ఒకదాన్నొకటి తాకుతూనో, వెంట్రుకవాసి దూరంలోనో ఉంటాయి. గొట్టాలు వెనక దూరంగా మొదలై ముందుకి దగ్గరవుతాయి కనక, కోస్తే మధ్యలో సందు బయటపడి అందులో టంకమో సీసమో కుక్కి ఉంటారు. చోక్ పోయి రెండు మూతుల లోపలి వ్యాసమూ గొట్టం వ్యాసమంతే ఉంటుంది. గురి చూసే ముందు పూస కొత్త చోట దిగి ఉంటుంది. లైసెన్సు లేకుండా గొట్టం కురచ చేయడం ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం కుదరదు. కోసిన తుపాకీ కొంటే అది ఎవరు కోశారన్న ప్రశ్న మీ దగ్గరికీ వస్తుంది.

ఛాంబర్ల నుంచి రెండు మూడు అంగుళాల ముందు గొట్టం చుట్టూ సన్నటి ఉంగరం గీత కనిపిస్తే పాత గొట్టం కోసి కొత్తది దిగేశారన్నమాట. ఇంగ్లండ్‌లో చేసినదైతే ‘స్లీవ్డ్’ అని ముద్ర ఉండాలి. పనితనానికి లోపం లేకపోవచ్చు, ధర మాత్రం తగ్గాలి.

నంబర్లు సరిపోవాలి. గొట్టాల అడుగున, యాక్షన్ (గొట్టాలు తగిలే ఇనప దిమ్మ) మీద, ముందు చెక్కలోని ఇనుము మీద, ట్రిగ్గర్ గార్డు మీద అదే సీరియల్ ఉంటే భాగాలు మారలేదు. ముందు చెక్కలో నంబరు వేరైతే మరో తుపాకీది తెచ్చి సరిపెట్టారు. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, వెస్ట్‌లీ రిచర్డ్స్ లాంటి సంస్థలు సీరియల్ చెబితే, రుసుము తీసుకుని పాత లెడ్జర్ చూసి తయారీ ఏడాది, మొదటి పొడవు, చోక్ చెబుతాయి. ఆ పేర్లున్న తుపాకీకి ఆ చీటీ లేకుండా పెద్ద మొత్తం ఇవ్వొద్దు.

చెక్కనీ ఇనుమునీ కలిపే అంచు మీద గోరు నడిపించండి. అసలు పనిలో చెక్క ఇనుముకన్నా పిసరంత ఎత్తుగా ఉంటుంది. గోరు ఇనుము దగ్గర పైకెక్కిందంటే చెక్క సానబట్టారు. చెక్కమీది గళ్ల గీతలు మరీ పదునుగా ఉండి చుట్టూ అంచు గీత లేకపోతే ఇటీవల చెక్కినవి. స్క్రూల తలల్లోని గాడి కాగితమంత సన్నగా ఉండి, అన్నీ తుపాకీ పొడవునా ఒకే దిక్కుకి తిరిగి ఉండాలి. గాడి వెడల్పై, అంచులు నలిగి ఉంటే మామూలు స్క్రూడ్రైవర్‌తో ఎవరో లోపలికి వెళ్లారు. యాక్షన్ మీద మొదట్లో నీలం, గోధుమ, బూడిద రంగులు కలగలిసి ఉండేవి. చేతులు తగిలి అవి పోవడం సహజం, కానీ టాప్ లివర్ కింద, మూలల్లో కొంచెమైనా మిగలాలి. మూలల్లో కూడా వెండిలా మెరుస్తుంటే బఫ్ చేశారు. నగిషీ గీతలు మొద్దుబారి, ముద్రల అంచులు గుండ్రంగా మారితే అదే కథ.

రబ్బరు ప్యాడ్‌ని అంత పట్టించుకోకండి. మొదట కొమ్ముదో గట్టి ప్లాస్టిక్‌దో పలక ఉండేది, పొడవు సరిపోక మార్చి ఉంటారు.

బిగుతు చూడాలంటే ముందు చెక్క తీసి, గొట్టాలు తగిలించి మూసి, చెక్క మెడ పట్టుకుని ఊపండి. లోపల టకటక వినిపిస్తే కొక్కెం అరిగింది. గొట్టాలు విడదీసి, కొక్కేన్ని వేలికి వేలాడదీసి చెక్క పెన్సిల్‌తో కొట్టండి. గంటలా మోగితే పట్టీలు గట్టిగా ఉన్నాయి, మొద్దు శబ్దమొస్తే ఎక్కడో టంకం వదిలింది. అలా వదిలిన సందులోకి నీరు చేరి బయటికి కనిపించకుండా తుప్పు తింటుంది. ఈ పరీక్ష చేయనివ్వని అమ్మకందారు దగ్గర కొనొద్దు.

బేరం కుదిరినా మీకు లైసెన్సు, అందులో ఖాళీ ఉండాలి. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులే, వారసత్వంగా వచ్చింది కూడా ఆ రెండింటిలోకే వస్తుంది. అమ్మేవారు జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషనుకో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి.

ప్రశ్న (సఖినేటిపల్లి): అంతర్వేది గాలికి ఏ ఇనుమూ నిలవదు. తుపాకీకి కొబ్బరినూనె రాసి తోలు సంచిలో పెడుతున్నాం. అయినా పడుతోంది. ఎన్నికలప్పుడు స్టేషన్లో పెట్టి తెచ్చుకున్నాక మరీ ఎక్కువైంది.

జవాబు: కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది, తర్వాత జిగురుగా మారి టాప్ లివర్ స్ప్రింగుని పట్టేస్తుంది. పైగా ఉప్పు గాలికి అడ్డు నిలవదు. కుట్టుమిషన్ నూనె లాంటి పలచటి ఖనిజ నూనె గుడ్డకి పట్టించి, గుడ్డ తడి కనిపించనంత పలచగా రాయండి. ఎక్కువైతే చెక్కలోకి కారి ఇనుము దగ్గర చెక్క నల్లబడి మెత్తబడుతుంది. అందుకే పెట్టేటప్పుడు మూతి కిందికి, మడమ (భుజానికి ఆనే చివర) పైకి ఉండాలి. చెక్కకి మరిగించిన అవిసె నూనె రెండు మూడు చుక్కలు అరచేత్తో రుద్ది, ఆరాక తుడిచేయండి.

తోలు సంచి, స్పాంజి పెట్టె రెండూ చెమ్మను పట్టి ఉంచుతాయి. తోలులో మిగిలిపోయిన టానిన్ కూడా ఇనుముకి పడదు. సంచి మోసుకెళ్లడానికే. ఇంట్లో తాళం వేసిన బీరువాలో, గాలాడేలా నిలబెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. రంగు మారినవి వేడి చేసి మళ్లీ వాడొచ్చు. వానాకాలంలో పదిహేను రోజులకోసారి చూడండి. చేత్తో ముట్టిన ప్రతిసారీ తుడవాలి, చెమటలో ఉప్పుంటుంది. పనసపొట్టు కొట్టిన చేతులకన్నా ఉప్పుచేప ముట్టిన చేతులు ప్రమాదం.

స్టేషన్‌కి ఇచ్చే ముందు గొట్టాల లోపలా బయటా మామూలుకన్నా కొంచెం ఎక్కువ నూనె రాసి, మూతుల్లో గుడ్డలు కుక్కకుండా వదిలేయండి. కుక్కితే లోపలి చెమ్మ అక్కడే ఉండిపోతుంది. ముద్రలు, నంబరు, చెక్క మీది గీతలు ఫొటో తీసుకుని, రసీదులో సీరియల్ నంబరు సరిగ్గా రాశారో లేదో అక్కడే చూసుకోండి. తెచ్చుకున్న రోజే విడదీసి తుడిచి మళ్లీ రాయాలి.

ప్రశ్న (కాకినాడ): అటక మీద ముత్తాతగారి హ్యామర్ తుపాకీ దొరికింది. లైసెన్సు పుస్తకం కనిపించడం లేదు. ఒక హ్యామర్ విరిగింది, స్ప్రింగు లేదు. వందేళ్లు దాటితే పురావస్తువు, లైసెన్సు అక్కర్లేదంటున్నారు. నిజమా?

జవాబు: వయసు ఒక్కటే చాలదు. ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు కాలం చెల్లిన పద్ధతివి, పురావస్తు విలువున్నవి, పాడైపోయినవి అయిన ఆయుధాలకే, అదీ ‘మరమ్మతు చేసినా చేయకపోయినా’ తుపాకీగా వాడలేని స్థితిలో ఉంటేనే. హ్యామర్ మార్చి, స్ప్రింగు వేస్తే మీది పేలుతుంది. పైగా 12 బోర్ తూటా ఇంకా దొరుకుతోంది. కనక అది లైసెన్సు కావాల్సిన తుపాకీయే. మరమ్మతుకి మామూలు లేత్ షెడ్డుకో కమ్మరి దగ్గరికో పట్టుకెళ్లొద్దు.

ముందు దగ్గరి పోలీసు స్టేషన్లోగాని, లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గరగాని డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. దాచిపెట్టి వెతుకుతూ కూర్చుంటే రోజులు గడిచేకొద్దీ మీకే ఇబ్బంది. చివరి లైసెన్సుదారు మరణ ధృవీకరణ, వారసుల పత్రం, మిగతా వారసుల అంగీకారంతో ఆయుధాల నియమాలు 2016లోని 25వ నియమం కింద వారసుడిగా దరఖాస్తు చేయొచ్చు. పాత నంబరు దొరికితే కలెక్టరేట్ రిజిస్టర్లో వెతకడం తేలిక. అందుకే డిపాజిట్‌కి ముందే గొట్టాల అడుగున, ట్రిగ్గర్ గార్డు మీద ఉన్న నంబర్లు ఫొటో తీసి పెట్టుకోండి. గొట్టాలు పట్టేసి విడిపోకపోతే బలవంతం చేయొద్దు. గార్డు మీది నంబరు విప్పకుండానే కనిపిస్తుంది.